మత్తు మందులు మిగిలితే, పగిలితే, ఎక్స్‌పైర్ అయితే ఏం చేయాలి? ఆసుపత్రి సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, పలమనేరు వైపు చిన్న నర్సింగ్ హోముల్లో పనిచేసే సిస్టర్లు, ఫార్మసిస్టులు, ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్లు నన్ను ఫోన్‌లో, ట్రైనింగుల్లో, ఒక్కోసారి బస్టాండులో పట్టుకుని కూడా అడిగిన ప్రశ్నలు ఇవి. పెద్ద ఆసుపత్రుల్లో వీటికి ఒక పద్ధతి రాసిపెట్టి ఉంటుంది, అడగడానికి పైన మనుషులుంటారు. ఇరవై పడకల చోట రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయికి ఆ అండ ఉండదు. ఆమెను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

అసలు ఏ మందుల గురించి ఇంత జాగ్రత్త?

రెండు గుంపులున్నాయి. మొదటిది నార్కోటిక్ మందులు, అంటే తీవ్రమైన నొప్పికి వాడే మత్తు మందులు: మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి. ఇవి 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తు మందుల నియంత్రణ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టాన్ని 2014లో సవరించారు, ఆ తర్వాత 2015లో మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సికోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని అత్యవసర నార్కోటిక్ మందులుగా ప్రకటించారు. రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ దగ్గర గుర్తింపు తీసుకున్న ఆసుపత్రి వీటిని తెప్పించి వాడుకోవచ్చు, ఒక్కో మందుకి ఒక్కో లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని తప్పింది.

రెండోది సైకోట్రోపిక్ మందులు, అంటే మెదడు మీద, మనసు మీద పనిచేసేవి. మిడజోలం, డయజిపం, లోరజిపం, ఫినోబార్బిటోన్, బుప్రినార్ఫిన్, మనం ఫోర్ట్‌విన్ అని పిలిచే పెంటాజోసిన్ ఇందులోవే. కెటమిన్‌ని 2011లో, ట్రమడాల్‌ని 2018లో ఈ జాబితాలో చేర్చారు. ట్రమడాల్ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు, డ్రెస్సింగ్ ట్రాలీ మీద మామూలు నొప్పి మందు డైక్లోఫినాక్ పక్కనే పడేసి ఉంటారు. మందుల అమ్మకాల నిబంధనల్లో షెడ్యూల్ ఎక్స్, షెడ్యూల్ హెచ్1 అంటూ ఇంకో లెక్క కూడా ఉంది గానీ వార్డులో నిలబడి ఏది ఎందులోకి వస్తుందో గుర్తుపెట్టుకోవడం కష్టం. అన్నిటికీ ఒకే తాళం, ఒకే రిజిస్టర్, ఒకే పద్ధతి పెట్టుకోండి. ఎక్కువ జాగ్రత్త పడితే నష్టం లేదు.

అక్కా, ఆంపూల్ విరిచాను, డాక్టరు సగమే ఇవ్వమన్నారు. మిగిలింది ఏం చేయాలి?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే ప్రశ్న. మందు దారి తప్పేది కూడా ఎక్కువగా ఇక్కడే, ఎక్స్‌పైరీ డబ్బాల దగ్గర కాదు.

ఫెంటానిల్ 2 మిల్లీలీటర్ల ఆంపూల్ (మెడ విరిచి వాడే చిన్న గాజు సీసా) తీసుకోండి. అందులో మొత్తం 100 మైక్రోగ్రాములు ఉంటుంది. డాక్టరు 60 చాలన్నారు, అంటే 1.2 మిల్లీలీటర్లు ఎక్కించారు. మిగిలిన 0.8లో 40 మైక్రోగ్రాములు ఉంది. రిజిస్టర్‌లో "1 ఆంపూల్ వాడాం" అని రాస్తే ఆ 40 లేనట్టే లెక్క. దాన్ని ఎవరు జేబులో వేసుకున్నా కాగితం మీద కనబడదు. అందుకే మూడు అంకెలు రాయాలి: ఎంత తీశాం, ఎంత ఇచ్చాం, ఎంత పారేశాం. 100, 60, 40. ఇచ్చిందీ పారేసిందీ కలిపితే తీసినంత రావాలి. "కొంచెం మిగిలింది", "సగం పారేశాం" లాంటి మాటలు రిజిస్టర్‌లో పనికిరావు.

పారేసేటప్పుడు పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి సిరంజి మీద గీత చూసి "అవును, 0.8 ఉంది" అనుకున్నాక, ఒక మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో దూదో గాజుగుడ్డో వేసి దాని మీదికి మందు వదలండి. పూర్తిగా పీల్చుకునేలా చూసి, ఆ దూదిని కాల్చేసే ఆసుపత్రి చెత్త వేసే పసుపు కవర్‌లో వేయండి. ఖాళీ ఆంపూల్ గాజు కాబట్టి నీలం గుర్తున్న డబ్బాలోకి, సూది తెల్ల డబ్బాలోకి, సూది తీసేసిన సిరంజి ఎరుపు కవర్‌లోకి పోతాయి. ఒక్క ఇంజెక్షన్‌కి నాలుగు రంగులా అని మొదట్లో విసుగొస్తుంది. వారం రోజులు చేస్తే చెయ్యి దానంతట అదే అటువైపు వెళ్తుంది.

మిగిలిన మందు ఉన్న సిరంజిని సూదితో సహా అలాగే తెల్ల డబ్బాలో పడేయడం నేను చాలాచోట్ల చూశాను. దయచేసి అలా చేయకండి. ఆ డబ్బాలో చెయ్యి పెట్టి సిరంజి వెతుక్కునేంత అలవాటులో పడ్డ మనిషికి సూది గుచ్చుకుంటుందనే భయం ఉండదు. మందూ బయటికి పోతుంది, ఆ మనిషికి వేరే రోగాలూ అంటుకుంటాయి.

మిగిలింది దాచిపెట్టి తర్వాతి పేషెంట్‌కి వాడొచ్చా?

వద్దు. ఆంపూల్ ఒక్క మనిషికే. విరిచాక దాన్ని మళ్లీ మూసేది లేదు, శుభ్రత పోతుంది. కెటమిన్ 10 మిల్లీలీటర్ల వయల్ (రబ్బరు మూత ఉన్న సీసా) లాంటి వాటిలో కంపెనీ లేబుల్ మీద ఏం రాసి ఉందో చూడండి, పలుసార్లు వాడదగినదైతే తెరిచిన తేదీ, టైము రాసి మళ్లీ తాళంలోనే పెట్టాలి. ఓటీ ట్రాలీ మీద రాత్రంతా వదిలేయకూడదు. ఆ వయల్‌లో నిండా 500 మిల్లీగ్రాములు ఉంటుంది.

సాక్షి సంతకం తర్వాత పెట్టించుకుంటే సరిపోదా? ఆ టైములో ఎవరూ ఖాళీగా ఉండరు.

ఈ ప్రశ్న అడిగిన వాళ్ల మీద నాకు కోపం లేదు, ఎందుకంటే నేనూ అదే చేసేదాన్ని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చోట ఓటీలో పనిచేశాను. సాయంత్రం కేసులన్నీ అయ్యాక ఒక సీనియర్ టెక్నీషియన్ రిజిస్టర్ తెచ్చి "ఇక్కడ పెట్టమ్మా" అనేవాడు, నేను ఏడెనిమిది గడుల్లో వరసగా సంతకాలు పెట్టేదాన్ని. మంచి మనిషి, పేషెంట్లతో ఓపిగ్గా మాట్లాడేవాడు, నాకు ఐవీ లైన్ పెట్టడం నేర్పింది ఆయనే. కొన్ని నెలల తర్వాత ఆపరేషన్ అయిన పేషెంట్లు నొప్పి తగ్గట్లేదని ఏడవడం ఎక్కువైంది. ఒకరోజు ఆయన బాత్రూములో పడిపోయి కనబడ్డాడు. అదృష్టం బాగుండి ప్రాణం దక్కింది. పారేశాం అని నేను సంతకం పెట్టిన మందంతా ఆయన ఒంట్లోకే వెళ్తోంది. చివరికొచ్చేసరికి మిగిలింది చాలక, పేషెంట్‌కి ఇవ్వాల్సిన దాంట్లో కూడా సెలైన్ కలపడం మొదలుపెట్టాడట. నన్నెవరూ పెద్దగా ఏమీ అనలేదు. కానీ నేను ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు "అన్నా, సిరంజి చూపించు" అని ఉంటే ఆయన మొదటి నెలలోనే దొరికేవాడు, అంత దూరం వెళ్లేవాడు కాదు.

కాబట్టి చూడనిదానికి సంతకం పెట్టకండి. పెద్ద డాక్టరు అడిగినా, పదేళ్ల స్నేహితురాలు అడిగినా అంతే. "నేను చూడలేదు సార్, ఇకమీదట పారేసేటప్పుడు పిలవండి" అనడం అమర్యాద ఏమీ కాదు. రాత్రి ఒక్కరే ఉంటే డ్యూటీ డాక్టర్ని పిలవండి. బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా గరుడ సేవ రాత్రి క్యాజువాలిటీ కిటకిటలాడుతుంటే సాక్షి కోసం ఎక్కడ వెతికేది అని ఒక అమ్మాయి అడిగింది. అప్పుడు మిగిలిన మందున్న సిరంజికి మూత పెట్టి, పేరు, మోతాదు, టైము రాసిన చీటీ అంటించి తాళంలో పెట్టండి, మనిషి దొరికాక చూపించి పారేయండి. ఆలస్యమైనా పర్వాలేదు, చూడకుండా సంతకం మాత్రం వద్దు.

సింక్‌లో పోసి నీళ్లు వదిలేస్తే సులువు కదా?

సులువే, కానీ ఆ సింక్ నీళ్లు ఎక్కడికి పోతాయో ఒకసారి ఆలోచించండి. తిరుపతి పక్కన స్వర్ణముఖి, చిత్తూరులో నీవా నది ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉంటాయి. మురుగు కలిస్తే పల్చబరచడానికి వాటిలో పారే నీళ్లు ఉండవు. కలిసింది ఇసుకలోకి, అక్కడి నుంచి పక్క బోర్లలోకి దిగుతుంది. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు కూడా పారేసిన మందులని పసుపు రకంలో పెట్టి కాల్చేయమనో, కంపెనీకి తిప్పి పంపమనో చెప్తున్నాయి తప్ప కాలవలోకి వదలమని చెప్పలేదు.

మరి టాయిలెట్‌లో వేసి నీళ్లు వదలమని పేపర్లో రాశారు కదా అంటారు. నిజమే, 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఒక మార్గదర్శకం ఇచ్చింది, అందులో 17 మందుల జాబితా ఉంది: ఫెంటానిల్, మార్ఫిన్, ట్రమడాల్, టాపెంటడాల్, డయజిపం వగైరా. ఇంట్లో చిన్నపిల్లలో ఇంకెవరో ఒక్క డోసు పొరపాటున మింగినా ప్రాణం పోయే మందులు అవి, అందుకని ఇంట్లో ఉంచుకోవడం కంటే నీళ్లలో వదిలేయడమే మేలని ఆ సలహా. ఇంటికి పనికొచ్చే ఆ సలహాని రోజూ పదుల ఆంపూల్స్ వాడే చోటికి తెచ్చుకోకండి. మనకి తాళం ఉంది, పసుపు కవర్ ఉంది, ఆసుపత్రి చెత్త తీసుకెళ్లడానికి రోజూ వచ్చే బండి ఉంది.

ఆంపూల్ చేతిలోంచి జారి పగిలిపోయింది. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ పడకండి, తుడిచేయకండి కూడా. ముందు ఎవరినైనా పిలిచి చూపించండి. బ్యాచ్ నంబరు కనబడే ముక్క ఉంటే ఫోన్‌తో ఫోటో తీయండి. గ్లోవ్స్ వేసుకుని గాజు ముక్కలు నీలం డబ్బాలోకి, తడి గుడ్డ పసుపు కవర్‌లోకి వేయండి. రిజిస్టర్‌లో అదే లైనులో "పగిలింది" అని రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, ఇన్‌ఛార్జికి అప్పుడే చెప్పండి. పగలడం తప్పు కాదు. పగిలిన సంగతి తెల్లారి చెప్పడం అనుమానాలకి దారి తీస్తుంది. ఒకే మనిషి చేతిలో నెలకి మూడు పగిలాయంటే మాత్రం ఇన్‌ఛార్జి కూర్చోబెట్టి మాట్లాడాలి, ముందు నిందించడానికి కాదు, సంగతి తెలుసుకోవడానికి.

ఇన్‌ఫ్యూజన్ (పంప్‌తో మందు కొద్దికొద్దిగా ఎక్కించడం) నడుస్తుండగా పేషెంట్ చనిపోయారు. సిరంజిలో ఉన్నది?

అలాంటి వేళ లెక్కలు చూడటం మనసుకి కష్టంగానే ఉంటుంది. కానీ 50 మిల్లీలీటర్ల సిరంజిలో 500 మైక్రోగ్రాముల ఫెంటానిల్ కలిపి ఉంటే, పంప్ ఆపినప్పుడు 18 మిల్లీలీటర్లు మిగిలిందంటే అందులో 180 ఉన్నట్టు, దాదాపు రెండు ఆంపూల్స్. పంప్ ఆపిన టైము, మిగిలిన మిల్లీలీటర్లు కేస్ షీట్‌లోనూ రిజిస్టర్‌లోనూ రాసి, సాక్షి ముందు పారేయండి. అయితే మరణం మీద మెడికో లీగల్ కేసు (పోలీసులకి చెప్పాల్సిన కేసు) ఉంటే, బంధువులు మందు మీద అనుమానం చెప్తుంటే ఏదీ పారేయకండి. సిరంజి, లైను అలాగే సీల్ చేసి తాళంలో పెట్టి డాక్టరు చెప్పేదాకా ఆగండి.

ఫెంటానిల్ ప్యాచ్ (ఒంటికి అంటించే మందు పట్టీ) తీశాక చెత్తబుట్టలో వేయొచ్చా?

అస్సలు వేయకూడదు. 72 గంటలు ఒంటి మీద ఉన్నాక కూడా ప్యాచ్‌లో చెప్పుకోదగ్గ మందు మిగిలే ఉంటుంది. పారేసిన ప్యాచ్ చిన్నపిల్లలు ఒంటికి అంటించుకుని, నోట్లో పెట్టుకుని చనిపోయిన ఘటనలు వేరే దేశాల్లో జరిగాయి. గ్లోవ్స్ వేసుకుని తీయండి, జిగురు వైపు లోపలికి వచ్చేలా సగానికి మడిచి గట్టిగా నొక్కండి, సాక్షి ముందు పసుపు కవర్‌లో వేసి రాసుకోండి. కొత్తది అంటించే ముందు పాతది ఒంటి మీద ఉందో లేదో చూడండి. లేకపోతే పక్కబట్టల్లో వెతకండి, అక్కడే దొరుకుతుంది చాలాసార్లు.

డేట్ అయిపోయిన స్టాక్ ఉంది. పసుపు కవర్‌లో వేసి బండికి ఇచ్చేయనా?

మామూలు మందులైతే ఇచ్చేయొచ్చు. వీటిని ముందే ఇవ్వకూడదు. నిండు ఆంపూల్స్ ఉన్న కవర్ మెట్ల కింద ఒక రాత్రి ఉన్నా దానికి కాళ్లొస్తాయి.

డేట్ దాటిన రోజే వాటిని వాడే స్టాక్ నుంచి వేరు చేసి, అదే తాళంలో వేరే పెట్టెలో, "ఎక్స్‌పైర్ అయినవి, వాడకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. రిజిస్టర్ లెక్కలోంచి అప్పుడే కొట్టేయకండి. నాశనం అయ్యేదాకా అవి మీ చేతిలో ఉన్నట్టే, షిఫ్ట్ మారినప్పుడు వాటినీ లెక్కపెట్టాలి. తర్వాత పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, సంఖ్య రాసి, ఇన్‌ఛార్జి డాక్టరు సంతకంతో డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసుకి ఉత్తరం పెట్టండి. పెట్టినట్టు రసీదు తీసుకోండి. ఎప్పుడు, ఎవరి ఎదుట, ఎలా నాశనం చేయాలో వాళ్లు చెప్పినట్టు చేసి, అక్కడికక్కడే కాగితం రాసి అందరూ సంతకాలు పెట్టాలి. సప్లయర్‌కి తిప్పి పంపుదామంటే కొరియర్‌లో ప్యాకెట్ కట్టి పంపడం కుదరదు, ఈ మందులు ఊరు దాటాలంటే వాటికి వేరే పత్రాలు ఉంటాయి. అది కూడా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని అడిగే చేయండి.

కాల్చడం మన పెరట్లో చేసే పని కాదు. నిబంధనల ప్రకారం ఇన్సినరేటర్ (చెత్త కాల్చే కొలిమి) మొదటి గదిలో కనీసం 800 డిగ్రీలు, రెండో గదిలో 1050 డిగ్రీల చుట్టుపక్కల వేడి ఉండాలి, పొగ అక్కడ రెండు సెకన్లైనా ఆగాలి. డ్రమ్ములో కట్టెలు వేసి కాలిస్తే అంత వేడి రాదు, ఆంపూల్స్ పేలతాయి, పొగ మన గొంతులోకే వస్తుంది. 75 కిలోమీటర్ల లోపు ఉమ్మడి శుద్ధి కేంద్రం ఉంటే ఆసుపత్రి సొంతంగా కాల్చే ఏర్పాటు పెట్టుకోవడానికి వీల్లేదని కూడా నిబంధన. బండి వచ్చినప్పుడు కవర్ మీద బార్‌కోడ్ ఉందా, బరువు రాశారా చూసి మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి.

ఖాళీ ఆంపూల్స్ లెక్కపెట్టి దాచాలా?

దాస్తే మంచిది, కనీసం షిఫ్ట్ అయ్యేదాకా. ఎన్ని ఇచ్చారో అన్ని ఖాళీవి తిరిగొస్తేనే కొత్తవి ఇవ్వడం చాలా ఫార్మసీల్లో ఉన్న పాత పద్ధతి, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది.

రిజిస్టర్లు ఎన్నేళ్లు ఉంచాలి?

అత్యవసర నార్కోటిక్ మందుల రికార్డు, అంటే 3హెచ్ ఫారం, చివరి ఎంట్రీ నుంచి రెండేళ్లు. హెచ్1 రిజిస్టర్ మూడేళ్లు. నేనైతే అన్నీ ఐదేళ్లు ఉంచమంటాను. పేజీలు చింపకండి, వైట్‌నర్ పూయకండి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి పక్కన సరిగ్గా రాసి సంతకం పెట్టండి.

లెక్కలో ఒక ఆంపూల్ తక్కువొచ్చింది. మా చేతి డబ్బుతో కొని పెట్టేయొచ్చా?

వద్దమ్మా. ఈ మందు అలా బయట కొనడమే పెద్ద నేరం. ఆ షిఫ్ట్‌లో ఎవరినీ పంపకుండా ముందు కేస్ షీట్లు, రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూడండి. రాయడం మర్చిపోయిన డోసు ఉంటుంది, చాలాసార్లు అదే. దొరక్కపోతే ఆ రోజే రాతపూర్వకంగా ఇన్‌ఛార్జికి ఇవ్వండి. యాజమాన్యం వాళ్లకి ఒక మాట: చెప్పిన అమ్మాయి జీతం కోస్తే, రెండోసారి మీకెవరూ చెప్పరు.

ఇంత తలనొప్పి ఎందుకు, మార్ఫిన్ తెప్పించడమే మానేస్తే పోదా?

చాలామంది చేసింది అదే. 1985 చట్టం వచ్చాక దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ దారుణంగా పడిపోయింది, కాగితాల భయంతో ఆసుపత్రులు ఉంచుకోవడమే మానేశాయి. ఆ బాధ పడింది క్యాన్సర్ పేషెంట్లు. ఎముకల్లోకి పాకిన నొప్పితో ఒక పెద్దాయన రాత్రంతా మంచం పట్టె పట్టుకుని కూర్చోవడం చూశాను నేను, పక్క గదిలో పారాసిటమాల్ తప్ప ఏమీ లేదు. గుర్తింపు తీసుకోండి, ఉంచండి. మూడు నెలల వాడకం చూసుకుని దానికి తగ్గట్టు తెప్పిస్తే ఎక్స్‌పైరీ బెడదా తగ్గుతుంది. చిన్న ఆంపూల్ దొరికితే పెద్దది తెప్పించకండి, పారేయాల్సింది కూడా తక్కువవుతుంది. తాళం, సాక్షి, మూడు అంకెలు ఉన్న చోట ఇన్‌స్పెక్షన్ వచ్చినా భయపడాల్సిన పని లేదు.

పేషెంట్ ఇంట్లో చనిపోయారు. వాళ్ల అబ్బాయి మిగిలిన మార్ఫిన్ మాత్రలు పట్టుకొచ్చాడు. తీసుకోవాలా?

మీ ఆసుపత్రి ఇచ్చినవే అయితే తీసుకోవాలి. ఆ అబ్బాయి శ్రీకాళహస్తి నుంచో కుప్పం నుంచో అంత దుఃఖంలో బస్సెక్కి తెచ్చాడంటే అతన్ని "మాకు సంబంధం లేదు" అని పంపేయకండి. పంపేస్తే అవి ఏ గూట్లోనో ఉండిపోతాయి, ఇంట్లో మనవడికి దొరుకుతాయి, లేదా ఊళ్లో ఇంకెవరో నడుం నొప్పికని అడిగి తీసుకుంటారు. కేరళలో ఇళ్లల్లో మిగిలిన మందులు సేకరించడానికి ప్రభుత్వమే ఎన్‌ప్రౌడ్ అని ఒక కార్యక్రమం పెట్టింది. మన వైపు కూడా అలాంటిది రావాలని నాకు గట్టిగా ఉంది.

అతని ముందే మాత్రలు లెక్కపెట్టండి, ఇద్దరూ సంతకం పెట్టండి, ఒక కాపీ అతనికి ఇవ్వండి. వాటిని మళ్లీ స్టాక్‌లో కలిపి వేరే పేషెంట్‌కి ఇవ్వకూడదు, ఎంత కొత్తగా కనబడినా సరే, ఎందుకంటే అవి బయట ఎండలో ఉన్నాయో తడిలో ఉన్నాయో మనకి తెలియదు. ఎక్స్‌పైర్ అయినవాటి పెట్టెలో, వేరే కవర్‌లో, పేషెంట్ నంబరు రాసి పెట్టండి, తర్వాతిసారి డ్రగ్స్ కంట్రోల్‌కి రాసే ఉత్తరంలో వాటినీ చేర్చండి. అంతకంటే ముందు అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, చివరి రోజుల్లో నాన్నకి నొప్పి తగ్గిందా అని అడగండి.